ఆటగాండ్ర జీతములు: సాల్ఫర్డు సంఘము కథ

 

నేడు నేను ముచ్చటింపదలచినది ఒక ఆటను గూర్చి. ఆటకంటె ఎక్కువగా ఆ యాటగాండ్ర జీతములను గూర్చి. పొలము పనులు, పంచాయతీ తగవులు చూచుకొను పెద్దలకు దూరదేశపు ఆటల ప్రసంగమేల యని మీకు తోపవచ్చును. రాబడి యెంత, వెచ్చమెంత, మాట యిచ్చినవాడెవడు, ఆ మాట చెడినప్పుడు దెబ్బ తినినవాడెవడు అని రచ్చబండ మీద మీరు దినదినము విచారించు ప్రశ్నలే యీ కథలో నున్నవి. నా పూర్వశిష్యుడొకడు మాంచెస్టరులో ఉద్యోగము చేయుచు నాకు జాబులు వ్రాయుచుండును. వాని జాబుల మూలముననే యీ విషయమున నాకు ఆసక్తి కలిగినది. పిమ్మట పత్రికలు చదివి మిగిలినది తెలిసికొంటిని.

మాంచెస్టరు మహానగరమును ఆనుకొని, ఇర్వెల్ నదికి ఆవలి గట్టున, సాల్ఫర్డు పట్టణమున్నది. ఒకప్పుడది నూలు మిల్లులకును ఓడరేవునకును పేరువడిన కూలిజనుల పట్టణము. అచ్చటివారికి ఇష్టమైన ఆటలలో నొకటి రగ్బీ లీగు. కోడిగ్రుడ్డు ఆకారముననుండు బంతిని చంకనిడుకొని పరుగెత్తి, ఎదుటివారి గీత దాటి, నేలకు తాకింపవలెను. ఎదుటివారు వానిని పట్టి నేల గూల్తురు. చెడుగుడులో కూతకు వచ్చినవానిని పట్టుట మీరెఱుగుదురు. ఇంచుమించు అదియే ఒడుపు, దెబ్బలు మాత్రము ఎక్కువ. జట్టునకు 13 మంది; ఆట 80 నిమిషములు.

ఈ యాట పుట్టుకయే జీతపు తగవు వలన కలిగినది. పూర్వము రగ్బీ నడపిన దొరలు ఆటగాడు డబ్బు ముట్టరాదని శాసించిరి. కలవారి బిడ్డలకు ఆ నియమము భారము కాదు. గనిలోనో మిల్లులోనో శనివారము గూడ పనిచేయువాడు ఆటకు వచ్చినచో ఆ పూట కూలి పోవును. ఇంట పొయ్యి లేవదు. పోయిన ఆ కూలియైన ఇప్పింపుడని ఉత్తరదేశపు సంఘములవారు అడిగిరి. పెద్దలు కాదనిరి. 1895 ఆగస్టు 29వ తేదీన హడర్స్‌ఫీల్డు పట్టణమున జార్జి హోటలులో ఆ సంఘములవారు సమావేశమై మాతృసంస్థను విడిచి వేఱుపడిరి. పోయిన కూలికి బదులుగా ఇచ్చు సొమ్మునకు రోజునకు 6 షిల్లింగులని పరిమితి గూడ విధించుకొనిరి. కావున ఈ యాటలో జీతమును, జీతమునకు హద్దును కవలపిల్లలు. మఱుసటి ఏడు, 1896లో, సాల్ఫర్డు సంఘము వారితో చేరెను.

ఆ సంఘము 1873లో పుట్టినది. 1901 మొదలు 2011 వఱకు విల్లోస్ అను ఒకే మైదానమున ఆడినది. ఆఱుమారులు దేశవిజేతయైనది, 1938లో వెంబ్లీ మైదానమున బారో జట్టును 7-4 తో ఓడించి ఛాలెంజి కప్పును తెచ్చుకొన్నది. 1934లో ఫ్రాన్సునకు పోయి ఆడినప్పుడు వారి విజృంభణము చూచి అచ్చటివారు 'ఎఱ్ఱ దయ్యములు' అని పేరిడిరట. ఆ పేరే నిలిచినది. చరిత్ర గొప్పదే, చరిత్ర జీతమియ్యదు గదా.

1996లో సూపర్ లీగు అను పేర మొదటి తరగతి పోటీని క్రొత్తగా ఏర్పఱచిరి. టెలివిజను కంపెనీవారి సొమ్ము వచ్చిపడినది. సొమ్ము వచ్చినచోటికి వేలంపాట గూడ వచ్చును. మంచి ఆటగానికై ఈ సంఘము వంద యన్న ఆ సంఘము నూటయేబది యనును. లేని సొమ్ము అప్పు తెచ్చి యిచ్చును. దీనిని అరికట్టుటకు ఏర్పడినది జీతముల హద్దు. శాలరీ క్యాప్ అని వారి మాట. ఒక జట్టులోని ఆటగాండ్ర జీతములన్నియు కలిపి ఏడాదికి ఇంతకు మించరాదని నియమము. దీనికి ఇంకొక ప్రయోజనమును కలదు. బట్టల కొట్టువానికి ఎదుటి కొట్టు మూతపడినచో లాభము. ఆటసంఘమునకు అట్లు కాదు. ఎడ్లపందెమునకు ఒక్క జతయే మిగిలినచో చూడవచ్చువాడెవడు? ఎదురాడు జట్టు బ్రదికియున్నగాని తనకు బ్రతుకు లేదు.

1998లో ఈ హద్దును మొదట పెట్టినప్పుడు, సంఘము తన రాబడిలో సగమునకు మించి జీతములకు వెచ్చింపరాదనిరి. ఇది మీబోటి పెద్దలు మెచ్చదగిన లెక్క. కౌటిల్యుడు అర్థశాస్త్రమున రాజోద్యోగుల జీతభత్యములకు రాబడిలో నాలుగవపాలు నిర్ణయించియున్నాడు. పాలు నాలుగవదియైనను సగమైనను, ఆ రెంటను చూపు రాబడిమీద నున్నది. కొంతకాలమునకు ఇంగ్లండువారు ఆ పద్ధతి మార్చి, అందఱికిని ఒకే మొత్తమును హద్దుగా పెట్టిరి. 2025లో ఆ మొత్తము 21 లక్షల పౌనులు. కలవానికిని లేనివానికిని అదే గీత. పెండ్లిఖర్చు అయిదు లక్షలు దాటరాదని ఒక ఊరు కట్టుబాటు చేసినదనుకొనుడు. నూఱెకరముల ఆసామి ఆ కట్టుబాటునకు తలయొగ్గి వెచ్చము తగ్గించుకొనును. రెండెకరముల కౌలురైతునకు దానివలన అప్పు తప్పునా? పైగా 'ఊరు అయిదు లక్షలనినది గదా, మనము తక్కువ చేసిన నగుబాటు' అని ఆ అయిదు లక్షలును తెచ్చి వెచ్చించును.

హద్దున్నచోట హద్దుమీరువారును ఉందురు. ఆస్ట్రేలియాలో మెల్బోర్ను స్టార్మ్ అను జట్టు సంగతి 2010 ఏప్రిలులో బయటపడినది. లీగువారికి చూపుటకొక ఒడంబడిక, దాచుటకు వేఱొకటి. అయిదేండ్లలో హద్దుమీద 30 లక్షల డాలర్లకు పైగా చెల్లించినట్లు లెక్కతేలినది. 2007, 2009 సంవత్సరముల విజేతపదవులను లాగికొనిరి. ఆ యేడు గెలిచినను ఒక్క పాయింటును ఇయ్యమనిరి. పాపము, ఆ జట్టు మిగిలిన ఋతువంతయు సున్న పాయింట్ల కొఱకు ఆడినది! ఇది చదివినప్పుడు నాకు నా ఉద్యోగారంభము జ్ఞప్తికి వచ్చినది. నేనప్పుడు పనిచేసిన ఒక ఎయిడెడు పాఠశాలలో పూర్తి జీతమునకు చేవ్రాలు చేసి, తక్కువ సొమ్ము పుచ్చుకొనెడివారము. అచ్చట వ్రాసినది తక్కువ, ఇచ్చినది ఎక్కువ. మాకు వ్రాసినది ఎక్కువ, ఇచ్చినది తక్కువ. రెండుచోట్లను అబద్ధమాడినది పుస్తకమే.

ఇక సాల్ఫర్డునకు వత్తము. 2012లో వారు పాత మైదానము విడిచి ఊరిచివర బార్టన్‌లో క్రొత్తగా కట్టిన మైదానమునకు పోయిరి. అది వారి సొంతము గాదు. వేఱొక రగ్బీ సంఘముతో కలిసి వాడుకొనవలసినది. 2013 ఆరంభమున సంఘము మూతపడు స్థితికి వచ్చినప్పుడు మార్వాన్ కూకాష్ అను ధనికుడు, పందెపు గుఱ్ఱముల యజమాని, దానిని కొని నిలబెట్టెను. ఆయనకు ఈ జీతపు హద్దు గిట్టలేదు; పేరుమోసిన ఆటగాండ్రకు హద్దులో సడలింపు ఉండవలెనని బహిరంగముగనే వాదించెను. 2014, 2015 సంవత్సరములలో సంఘము హద్దు నియమములను ఉల్లంఘించినదని 2016 ఏప్రిలులో స్వతంత్ర విచారణసంఘము తీర్పు చెప్పినది. జుల్మానా 5 వేల పౌనులు మాత్రమే. అసలు శిక్ష వేఱు: 2016 పట్టికలో వారు ఆడి గెలిచి సంపాదించిన పాయింట్లలో 6 తీసివేసిరి.

ఒక ఆట గెలిచిన 2 పాయింట్లు. అనగా మూడు గెలుపులు చెఱిపివేయబడినవి. ఒడంబడికలమీద చేవ్రాలు చేసినది కార్యాలయమువారు. బురదలో పొరలి ఆ మూడు ఆటలు గెలిచినది ఆటగాండ్రు. జట్టు పట్టికలో దిగజారి, తుదకు అక్టోబరు 1వ తేదీన హల్ పట్టణమున హల్ కింగ్‌స్టన్ రోవర్సు జట్టుతో ఒక్క ఆట ఆడవలసివచ్చెను. గెలిచినవాడు మొదటి తరగతిలో నుండును. ఓడినవాడు క్రింది తరగతికి పోవును. దానికి 'మిలియను పౌనుల ఆట' యని పేరు. కాలము ముగియవచ్చు వేళకు సాల్ఫర్డువారు 8 పాయింట్లు వెనుకబడియుండిరి. చివరి రెండుమూడు నిమిషములలో సమము చేసిరి. అదనపు కాలమున గారెత్ ఓబ్రయన్ అను ఆటగాడు బహుదూరమునుండి బంతిని తన్ని, స్తంభముల నడుమ అడ్డకఱ్ఱ మీదుగా పోనిచ్చెను. 19-18. హల్ జట్టు క్రిందికి పోయెను. సాల్ఫర్డువారు బ్రదికిరి. ఆ ధనికుడు మాత్రము కొంతకాలమునకు సంఘమునుండి తప్పుకొనెను.

విచిత్రమేమనగా, ధనికుడు పోయిన పిదపనే వారు బాగుగా ఆడిరి. 2019లో సూపర్ లీగు తుదిపోరునకు చేరి సెయింట్ హెలెన్సు చేతిలో ఓడిరి. 2020లో ఛాలెంజి కప్పు తుదిపోరున లీడ్సు చేతిలో 17-16 తో, ఒక్క పాయింటుతో ఓడిరి. 2024లో పట్టికలో నాలుగవ స్థానము. పట్టిక చూచినవాడు సంఘము వర్ధిల్లుచున్నదనును. పెట్టె తెఱచి చూచినవానికి వేఱుగా కనబడియుండును. ఆ యేడు నవంబరులోనే, లీగు నుండి మఱుసటి యేడు రావలసిన సొమ్ములో 5 లక్షల పౌనులను ముందుగా ఇప్పింపుడని సంఘమువారు అడుగుకొనిరి. నాటు వేయక మునుపే పంటను షావుకారునకు వ్రాసియిచ్చుట ఎట్టిదో మీకు నేను చెప్పనక్కఱలేదు.

2025 ఫిబ్రవరిలో క్రొత్త యజమానులు సంఘమును కొనిరి. రావలెనన్న సొమ్ము వేళకు రాలేదు. అంతట ఆట పెద్దలు ఈ సంఘమునకు ప్రత్యేకముగా 12 లక్షల పౌనుల హద్దు విధించిరి. ఇతరులకు 21, వీరికి 12. ఇది రాబడి చూచి పెట్టిన హద్దు, న్యాయమైనదే. కాని ఒడంబడికలు అంతకుముందే కుదిరినవి, ఆటగాండ్రు వచ్చిచేరినవారు. ఆ హద్దులో ఇముడుటకు అనుభవజ్ఞులను ప్రక్కన కూర్చుండబెట్టి, పిన్నవాండ్రను బరిలోనికి దింపవలసివచ్చినది. ఫిబ్రవరి 15న సెయింట్ హెలెన్సు మైదానమున ఆ జట్టు ఆడినది. ఫలితము 82-0.

జీతములు ఒక నెల కాదు, పలుమారులు ఆలస్యమయ్యెను. ఇండ్ల అద్దెలు కట్టుకొనవలసిన సంసారులు నడియేటిలోనే వేఱు జట్లకు పోయిరి. మిగిలినవారు ఎరువు తెచ్చిన ఆటగాండ్రతో కలిసి ఆడిరి. ఆగస్టులో వేక్‌ఫీల్డుతో ఆడవలసిన ఆటకు తగిన జట్టు కుదురక ఆటయే మానుకొనిరి. ఏడాది తుదకు పట్టికలో అట్టడుగున నిలిచిరి.

నా మనవి యేమనగా, ఇంత శ్రద్ధతో హద్దులు గీచిన పెద్దలు, ఎంత మాట యీయవచ్చునో చెప్పిరే గాని, ఇచ్చిన మాటకు సొమ్మున్నదా యని మొదటనే చూడలేదు. మన ఊళ్లలో చెఱువు చేపల పాట పాడినవాడైనను ముందు ధరావతు కట్టును. ఆటగానితో ఒడంబడిక వ్రాయుటకు మునుపే ఆ యేటి జీతములో కొంతభాగమైన మూడవవారి వద్ద నిలువ చేయింపవలెనని నియమముండినచో, 82-0 ఆటకు ఆ పిన్నవాండ్రు బలియై యుండరు. పాయింట్లు తీసివేయుట సులువు. పట్టికలో ఒక అంకె దిద్దిన చాలును. పెట్టెలోని సొమ్ము లెక్కించుటకు ముందుగానే యజమాని యింటికి పోవలెను. అధికారులకు రెండవ పని యెక్కడను ఇష్టము కాదు.

ప్రభుత్వమునకు బాకీపడిన పన్నులను గూర్చి లండను ఉన్నత న్యాయస్థానమున విచారణ పలుమారులు వాయిదాపడినది. తుదకు 2025 డిసెంబరు 3వ తేదీన సంఘమును ఎత్తివేయవలసినదని ఉత్తర్వైనది. 1873 నాటి సంఘము నూటయేబది రెండేండ్లకు ఇట్లు ముగిసినది. ఆ పట్టణపువారే కొందఱు క్రొత్త సంఘమును కట్టి రెండవ తరగతిలో ఆడుటకు పూనుకొనిరి. అట్లు మూతపడిన సంస్థలోని ఉద్యోగులకు బాకీపడిన జీతమును ఆ దేశపు ప్రభుత్వ నిధినుండి కొంతమేర ఇత్తురు. 8 వారములకు మించి ఇయ్యరు. ఆ చెల్లింపునకును వారమునకు ఇంత యను హద్దున్నది.

సెలవు.