ఒరిగిన కొబ్బరిచెట్టుకి పైకి ఎటో ఎలా తెలుస్తుంది?

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా మందసే కాదు, ఉద్దానం అంతటా కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. అయితే ఒరిగినా వేళ్లు పట్టు వదలకపోతే కొబ్బరిచెట్టు మళ్లీ తల పైకెత్తుతుంది. కళ్లు లేని చెట్టుకి పైకి ఎటో ఎలా తెలుస్తుంది?

మొక్కల్లో కొన్ని కణాల్లో బరువైన పిండి రేణువులుంటాయి. మొక్క ఒరిగితే అవి కిందవైపుకి జారతాయి. మామూలుగా కణం లోపలి ద్రవంలో కాల్షియం, బయటితో పోలిస్తే వేల రెట్లు తక్కువ. మొక్క వంగిన కొద్ది సెకన్లలోనే అది పెరిగి, మళ్లీ తగ్గిపోతుంది. ఆవాల కుటుంబపు అరబిడాప్సిస్ మొక్కలో దీన్ని కొలిచి చూశారు. మా సాఫ్ట్‌వేర్ భాషలో ఇదో ఇంటరప్ట్ అన్నమాట. తర్వాత ఆక్సిన్ హార్మోన్ కిందవైపు ఎక్కువ చేరుతుంది. కాండంలో ఆ వైపు వేగంగా పెరిగి, కొన పైకి తిరుగుతుంది. నీలి కాంతి పడినప్పుడు కూడా ఇలాగే కాల్షియం పెరుగుతుంది.

అలాగని చెట్టు మొదట్లో సున్నం పోస్తే నిటారుగా నిలబడదండీ! ఇక్కడ కాల్షియం ఎరువు కాదు, కబురు. పైగా ముదిరిన మాను తిన్నగా అవదు, మొవ్వు దగ్గర పెరిగే భాగమే తిరుగుతుంది.

అందుకే ఇంటి మీదకో, కరెంటు తీగల మీదకో ఒరగని చెట్టయితే, రంపం పట్టేముందు రెండు చూడండి. వేళ్లు నేలని పట్టుకున్నాయా? మొవ్వు పచ్చగా ఉందా? రెండూ ఉంటే కొన్నాళ్లు ఆగండి. పొడవు రకం కొత్త మొక్క కాపుకొచ్చేసరికి ఆరేడేళ్లు పడుతుంది మరి. ఉంటానండి.