పన్ను పుట్టేది బిడ్డ పుట్టకముందే

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



దంత వైద్య శిబిరం ఏర్పాటు చేసి, పళ్ళ డాక్టరుగారిని పక్కన కూర్చోబెట్టుకుని, 34 ఏళ్ళు ఫైళ్ళు మోసిన గుమాస్తాని పళ్ళ గురించి మాట్లాడమనడం మన కార్యదర్శిగారికే చెల్లింది. సగం మందిమి కట్టుడు పళ్ళతో నవ్వుతున్న ఈ సభలో పళ్ళు ఊడడం గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? అందుకని అవి మొదలవడం గురించి చెబుతాను. ఈ సంగతులు నేనెందుకు చదవవలసి వచ్చిందో మధ్యలో మనవి చేస్తాను.

మనవడికి ఆరో నెలలోనో ఏడో నెలలోనో చిగురులోంచి తెల్లగా ఏదో తొంగిచూస్తే పన్ను పుట్టిందంటాం. అసలు పని తల్లి కడుపులో, పిండం వయస్సు 6 వారాలున్నప్పుడే మొదలవుతుంది. డాక్టరమ్మలు చివరి నెలసరి నుంచి లెక్క కడతారు కనుక వారి లెక్కలో అది 8వ వారం. అప్పటికి బిడ్డ పొడవు సెంటీమీటరు పైచిలుకు. చాలా ఇళ్ళలో అప్పటికింకా వియ్యాలవారికి కబురైనా వెళ్ళి ఉండదు.

ఆ రోజుల్లో నోటి లోపలి పలుచని పొర, పై దవడలోను కింది దవడలోను గుర్రపు నాడా ఆకారంలో మందమై లోపలికి దిగుతుంది. దానిమీద పైన 10, కింద 10 మొగ్గలు లేస్తాయి. ఇవే 20 పాలపళ్ళు. మొగ్గ అడుగుభాగం సొట్టపడి టోపీలాగా, ఆపైన గంటలాగా మారుతుంది. వైద్య గ్రంథాల్లో కూడా ఆ దశలకు మొగ్గ, టోపీ, గంట అనే పేర్లే ఉన్నాయి.

మొగ్గ ఒక్కటే పన్ను కాలేదు. దాని కింద గుమిగూడే కణాలు వేరే చోటినుంచి బదిలీ మీద వచ్చినవి. మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం అంచుల దగ్గర బయలుదేరి దవడలోకి చేరుకుంటాయి. స్థానికులూ బదిలీవారూ కలిస్తేనే పన్ను. పని ప్రారంభించమని మొదటి ఆర్డరు ఇచ్చేది నోటి పొర. కొద్దికాలంలోనే చార్జి కింది కణాల చేతికి పోతుంది. 1970లో కొల్లార్, బెయిర్డ్ అనే శాస్త్రజ్ఞులు చుంచెలుక పిండాలతో ఒక ప్రయోగం ప్రకటించారు. పంటి మొగ్గ కింది కణాలను తీసి, వాటిమీద ఎలుక పాదం చర్మపు పొరను కప్పి పెంచారు. ఆ అరికాలి చర్మం పన్ను కట్టడానికి పూనుకుంది! ఇది చదివిన రోజున నాకు రాత్రి భోజనం సరిగా సహించలేదు.

నాలుగో నెలలో గట్టి పదార్థం పేరడం మొదలవుతుంది. కింది కణాలు డెంటిన్‌ను, పై కణాలు ఎనామిల్‌ను కడతాయి. ఇద్దరు మేస్త్రీలు ఒకే గీత దగ్గర నిలబడి, చెరొక వైపుకు వెనక్కి జరుగుతూ గోడ కట్టినట్టుంటుంది. డెంటిన్ కట్టిన కణాలు పంటి లోపల జీవితాంతం ఉండి చిన్నా చితకా మరమ్మతులు చేస్తాయి. ఎనామిల్ కట్టినవి మాత్రం పన్ను పైకి వచ్చేసరికి నశించిపోతాయి. వాటికి పెన్షనూ లేదు, మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకోవడమూ లేదు. అందుకే ఎనామిల్‌లో పడ్డ గుంటను శరీరం తనంత తాను పూడ్చుకోలేదు.

మనలాంటి వాళ్ళకు నచ్చే విశేషం ఒకటుంది. ప్రసవ సమయంలో బిడ్డ శరీరానికి కలిగే కుదుపు వల్ల, అప్పుడు తయారవుతున్న ఎనామిల్‌లో ఒక గీత పడుతుంది. పాలపళ్ళలోను, సాధారణంగా మొదటి శాశ్వత దవడపంటిలోను సూక్ష్మదర్శినితో చూస్తే అది కనబడుతుంది. గీతకు లోపలిది కడుపులో కట్టింది, వెలుపలిది పుట్టాక కట్టింది. సర్వీసు రిజిస్టరులో పుట్టినతేదీ మార్పించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగినవారిని నేనెందరినో చూశాను. ఈ రిజిస్టరులో దిద్దుబాటు కుదరదు.

శాశ్వత దంతాల మొగ్గలు కూడా చాలావరకు కడుపులోనే పడతాయి. ముందుపళ్ళవి ఐదో నెల ప్రాంతంలో పాలపంటి మొగ్గ వెనకనుంచే చిగురిస్తాయి. వాటి ఎనామిల్ మాత్రం పుట్టిన మూడు నాలుగు నెలలకు మొదలై నాలుగైదేళ్ళ దాకా తయారవుతూ ఉంటుంది. నా కథ ఇక్కడే ఉంది.

1977లో నాకు కనిగిరి తాలూకాకు బదిలీ అయింది. మూడేళ్ళున్నాం. మా పెద్దమ్మాయికి అప్పుడు ఏడాదిన్నర. నీళ్ళు తేటగా, రుచిగా ఉండేవి. ఫ్లోరైడుకు రంగూ వాసనా ఉండవు, కాచినా పోదు. ఆ ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు ఆ జిల్లా ఫ్లోరోసిస్ గురించి వైద్య పత్రికలో రాశారని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మాకు మళ్ళీ బదిలీ అయి వేరే ఊరు వెళ్ళాక, ఏడో ఏట పిల్లకు ముందుపళ్ళు వచ్చాయి. సుద్ద చారలు, వాటిమీద గోధుమరంగు మచ్చలు. బళ్ళో ఒక టీచరు, "పళ్ళు తోముకోవు, దొంగచాటుగా వక్కాకు నములుతావు" అని అందరిముందూ నిలబెట్టి అడిగింది. ఆ రోజునుంచి మా అమ్మాయి నోరు మూసుకుని నవ్వడం నేర్చుకుంది. పెళ్ళి ఫోటోల్లో కూడా అంతే. రెండు సంబంధాలవారు "ఇది వంశపారంపర్యమా?" అని అడిగి మళ్ళీ కబురు చేయలేదు.

అదే బావి నీళ్ళు అదే మూడేళ్ళూ నేనూ మా ఆవిడా తాగాం. మా పళ్ళకు మచ్చ పడలేదు. మా ఎనామిల్ ఏనాడో కట్టడం పూర్తయింది కనుక. దాని పళ్ళు దవడలోపల తయారవుతున్నాయి కనుక దానికి పడింది. తోమడంతో దీనికి నిమిత్తం లేదు. వంశపారంపర్యమూ కాదు. విశాఖపట్నంలో పెరిగిన మా మనవరాలి పళ్ళమీద ఒక్క చార లేదు.

ఆ మనవరాలికి ఇప్పుడు ఐదో నెల. ఇంట్లో ఆడవాళ్ళు కాన్పుకొక పన్ను పోతుందని దానికి చెబుతున్నారు. బిడ్డ తల్లి పళ్ళలోంచి సున్నం లాక్కోదు. తిండిలోంచి, చాలకపోతే ఎముకల్లోంచి అందుతుంది. కడుపుతో ఉన్నప్పుడు చిగుళ్ళు వాచి రక్తం రావడం, వాంతుల పులుపు పళ్ళకు తగలడం మాత్రం నిజం. కాన్పయ్యాక చూద్దామని ఆపకుండా అప్పుడే చూపించుకోవాలి. టెట్రాసైక్లిన్ మందు నాలుగో నెల దాటిన గర్భిణి వాడినా, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు వాడినా తయారవుతున్న పళ్ళకు రంగు పట్టవచ్చు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే అలవాటున్నవారు ఇది గుర్తుంచుకోవాలి.

పుట్టుకతోనే పన్నుతో వచ్చే బిడ్డలూ ఉంటారు. మేనమామకు గండమని శాంతులు చేయిస్తారు. చాలావరకు అది తొందరపడి బయటికొచ్చిన పాలపన్నే. కదులుతూంటే డాక్టరుకు చూపించాలి, మేనమామను కంగారు పెట్టనక్కరలేదు.

ఆరో ఏట దవడ చివర వచ్చే పెద్ద పన్ను, పాలపన్ను ఏదీ ఊడకుండా దాని వెనక మొలుస్తుంది. అందుచేత అదీ పాలపన్నే, పుచ్చినా ఊడిపోయేదేగదా అని వదిలేస్తారు. అది శాశ్వత దంతం. కడుపులో నాలుగో నెలనాడే మొగ్గతొడిగిన పన్ను, దాని వెనక దానికి బదులు ఇంకొకటి లేదు. ఇవాళ మనవల్ని తెచ్చినవారు ముందుగా ఆ పంటినే చూపించండి. వరుస నంబరు చీటీలు కార్యదర్శిగారి దగ్గర ఉన్నాయి, పిల్లలను ముందు పంపుదాం.