ముద్రలో లేని తల్లి

చిత్రకారుడు ఏలె లక్ష్మణ్‌ది ఉమ్మడి నల్లగొండ జిల్లా కదిరేనిగూడెం. ఆయన బొమ్మల్లోని ఆడవాళ్లు మాకు పరాయివాళ్లు కారు. నల్లటి ఒళ్లు, నుదుట పెద్ద బొట్టు, ముదురు రంగు చీర. ఈ కట్టునూ ఈ యాసనూ తెలుగు సినిమా ఏండ్లకేండ్లు నవ్వులపాలు చేసింది. లక్ష్మణ్ బొమ్మల్ల మాత్రం వాళ్లు నిబ్బరంగ కనిపిస్తరు. పోచంపల్లి చీరకు ఆసు పోసి భుజాలు అరగదీసుకున్నదీ, పాలమూరు నుంచి మూట నెత్తినబెట్టుకొని వలసపోయిందీ ఈ తల్లులే.

2014లో రాష్ట్ర అధికారిక ముద్ర గీసిందీ ఆ చెయ్యే. అందుల కాకతీయ తోరణముంది, చార్మినారుంది. పల్లె తల్లి లేదు. చిత్రకారుణ్ణి మేం తప్పుపట్టం. పాలకులనే అడుగుతం: ఉద్యమంల నడిరోడ్డు మీద బతుకమ్మ ఆడిన ఆమెకు సర్కారు కాగితం మీద చోటెందుకు లేదు?