మేద్: కువైట్ సూక్‌లో మన కొయ్యింగ చుట్టం

డ్యూటీ దిగి రూములో వింటున్న అన్నలకీ, వంటింట్లో ఫోను పక్కన పెట్టుకుని వింటున్న అక్కలకీ నమస్కారం. ఈ వారం చేపల సంగతి.

కువైట్ చేపల సూక్‌లో మేద్ అని చిన్న చేపలు అమ్ముతారు, చూశారా? వచ్చిన కొత్తలో నేను "అరె, మన కొయ్యింగ పిల్లలు!" అనుకుని కిలో తెచ్చేశాను. పిల్లలు కాదండీ. కొయ్యింగ కుటుంబమే, రకం వేరు. మన కొయ్యింగ మూర దాటి పెరుగుతుంది. ఇది మామూలుగా జానెడు లోపే. 1888లో ఫ్రాన్సిస్ డే అనే ఆయన దీనికి క్లుంజింగర్ అనే జర్మన్ శాస్త్రవేత్త పేరు పెట్టాడు. ఇది బతికే చోటు కూడా చిన్నదే. ఈ గల్ఫ్, అక్కణ్ణుంచి మన దేశం పడమటి తీరం, అంతే.

గుర్తులు చెప్తాను. వీపు మీద రెండు రెక్కలు ఎడంగా ఉంటాయి, ముందు రెక్కకి నాలుగు ముళ్లు. చాలా చేపలకి పక్కన తల నుంచి తోక దాకా ఒక గీత ఉంటుంది కదా, ఈ కుటుంబానికి అది కనపడదు. తిండి అడుగు బురదలో నాచూ, కుళ్లిన పదార్థమూ. మట్టితో పాటే మింగుతుంది కాబట్టి పొట్ట కోడి కందనకాయలా గట్టిగా ఉంటుంది.

ఒడ్డు దగ్గర బురద తిని బతికే చేపకి ఒడ్డున మనం చేసే పాపం ముందు తగులుతుంది. 2001 ఆగస్టు, సెప్టెంబరుల్లో కువైట్ బేలో 2,500 టన్నులకు పైగా చేపలు చచ్చి తేలాయి. దాదాపు అన్నీ మేద్‌లే. స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా చంపిందని పరీక్షల్లో తేలింది. ఎండకి కాగిన నీళ్లు, గాలి లేని రోజులు, సముద్రంలో కలిసే మురుగు కూడా తోడయ్యాయని పరిశోధకులు అనుమానించారు.

అందుకే రెండు మాటలు. ఒడ్డున తేలిన చేప ఊరికే దొరికింది కదా అని రూముకి తేకండి. రెండు, మేద్ పట్టడం మీద ఏటా కొన్ని నెలలు నిషేధం ఉంటుంది. సెలవు రోజు సరదాకి వల పట్టుకెళ్లే ముందు కనుక్కోండి. ఫైన్ పడితే నెల జీతం పోతుంది తమ్ముడూ.

మీ ఊళ్లో కొయ్యింగని ఏమని పిలుస్తారు, పులుసా వేపుడా? వాయిస్ మెసేజ్ పెట్టండి. వచ్చే వారం వినిపిస్తాను. ఉంటాను మరి.