కుంచె ఆయన చేతికే ఇచ్చారు



“వంకర్లు పోయిన చేతులతో ఇంకా ఈ అల్లికలెందుకమ్మా?” అని మీ ఇంటి పేషెంటుతో అనకండి. ఫ్రాన్సు చిత్రకారుడు రెన్వార్‌కు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం వచ్చి వేళ్లు ముడుచుకుపోయాయి. గోళ్లు గుచ్చుకోకుండా అరచేతికి గుడ్డ చుట్టేవారు. అది చూసి, కుంచెను చేతికి కట్టేవారని చాలామంది అనుకున్నారు. కాదు, పక్కనున్నవాళ్లు కుంచెను వేళ్ల మధ్య పెట్టేవారు, అంతే. గీసింది ఆయనే! చెయ్యి దూరం చాచలేనందుకు కాన్వాసును రోలర్ల మీద అమర్చి జరిపేవారు. చక్రాల కుర్చీ పాలైనా 1919లో చనిపోయేదాకా బొమ్మలు వేశారు.

ఈ జబ్బులో తెల్లవారుజామున కీళ్లు బిగుసుకుని ఉంటాయి. కాస్త పొద్దెక్కనివ్వండి. క్రోషియా సూదికి పట్టు దొరక్కపోతే పిడికి గుడ్డ చుట్టి లావు చేయండి. ఆలస్యమవుతోందని మీరే అల్లి పెట్టేయకండి.