నాస్కల్ దంతాలకు జవాబు చెప్పేదెవరు?



ఖండాల కదలిక మీద వేగెనర్ 1912 ప్రసంగంతో ఎత్తుకొని, హెస్ మీదుగా మెకంజీ, మోర్గన్‌ల దాకా నడిపించి కూర్చోవడం మన సభల్లో అధ్యక్షుల ఆనవాయితీ. ఆ పాఠం మీలో సగంమంది క్లాసులో చెప్పేదే. నేను చెప్పను.  

పొద్దున ఒక ప్రతినిధి, ఇళ్లలో పరిచే షాబాద్ బండలు మనం కూర్చున్న ఈ షాబాద్‌వేనా అని అడిగారు. కావండీ. అవి కలబురగి జిల్లా షాహాబాద్ సున్నపురాయి. ఇక్కడి సంగతి వేరు. తూర్పున హైదరాబాద్ గ్రానైటు, వయసు 250 కోట్ల ఏళ్లు. చేవెళ్ల దాటి పడమటికి పోయేకొద్దీ దక్కన్ లావా, వయసు 6.6 కోట్ల ఏళ్లు. నా జీవితమంతా ఈ రెండో రాయితోనే గడిచింది, తగువులతో సహా.

ఈ లావా చల్లారేటప్పుడు అందులోని మాగ్నటైటు రేణువులు అప్పటి భూ అయస్కాంత దిశను పట్టుకొని అలాగే ఉండిపోయాయి. 1956లో క్లెగ్, డాయిచ్, గ్రిఫిత్స్ ఆ దిశను కొలిచి, ఈ నేల ఒకప్పుడు భూమధ్యరేఖకు బాగా దక్షిణాన ఉండేదని చూపించారు. ఆ వెంటనే మన రాధాకృష్ణమూర్తి, సహస్రబుద్ధే డాయిచ్‌తో కలిసి ఆ పనిని ముందుకు తీసుకెళ్లారు. అమెరికాలో పెద్దలు వేగెనర్ పేరెత్తితే ఇంకా నవ్వుతున్న రోజులవి! పలకల సిద్ధాంతం పుట్టకముందే మన నల్లరాయి సాక్ష్యం చెప్పింది. అందుకు అయస్కాంత శాస్త్రజ్ఞులకు ఎప్పుడూ చేతులెత్తి దండం పెడతాను.

ఆ దండం అయ్యాకే నా తగువు మొదలవుతుంది. దాదాపు 8.8 కోట్ల ఏళ్ల కిందట మడగాస్కర్‌ను వదిలిన భారతం, సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాను తాకేదాకా నడిసముద్రంలో ఒంటరి ద్వీపమని వారి పటం. అదే నిజమైతే ఇక్కడి జంతువులు లోకంలో ఇంకెక్కడా లేనట్టు ఉండాలి. మరి ఇక్కడికి దగ్గరలోనే, పరిగి వైపు ఉన్న నాస్కల్‌లో ఏం దొరికింది? లావా పొరల మధ్య ఇరుక్కున్న చెరువు మట్టిలో దొరికిన దంతాలతో 1988లో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని డెక్కనోలెస్టెస్ హిస్లోపిని ప్రకటించారు. మన దేశంలో బయటపడిన మొదటి క్రెటేషియస్ క్షీరదం అది. దాని చుట్టరికాలు ఉత్తర ఖండాల వైపు చూస్తాయి. 1991లో ప్రసాద్, రాజ్ వర్ణించిన డిస్కోగ్లాసిడ్ కప్పదీ అదే దారి. అదే నాస్కల్‌లో దొరికిన మరో దంతం దక్షిణ ఖండాల పాత క్షీరదాలైన గోండ్వనాథెరీలది. 1997లో క్రౌజ్ బృందం దాన్ని మడగాస్కర్ దంతాల పక్కన పెట్టి చూపించింది. దక్షిణం చుట్టాలూ ఉత్తరం చుట్టాలూ ఒకే చెరువు గట్టున ఉంటే, ఒంటరి ద్వీపం మాట ఎలా నిలుస్తుంది?

చాలాకాలం కిందట ఒక సభలో ఈ ప్రశ్నే అడిగితే, వేదిక మీది పెద్దమనిషి ఒకరు "ఎలకపన్ను పట్టుకొని ఖండాన్ని లాగుతావా?" అన్నారు. అందరూ నవ్వారు. జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు. రాతి అయస్కాంతం అక్షాంశం చెబుతుంది, రేఖాంశం చెప్పదు. ఆ లోటును సముద్రగర్భపు అయస్కాంత చారలు కొంత తీరుస్తాయి, ఒప్పుకుంటాను. కానీ భారత పలక ఉత్తరపు అంచు హిమాలయాల కిందికి పోయి నలిగింది. అది ఎంత దూరం సాగి ఉండేదో కొలిచి చెప్పగలవారు ఈ సభలో ఉంటే లేవండి. అప్పట్లో భారతానికీ ఆసియాకూ మధ్య ఉన్న కోహిస్తాన్–లద్దాఖ్ ద్వీపమాల మీదుగా జంతువులు దాటాయన్న వాదన నాకు నచ్చుతుంది. అదీ ఇంకా రుజువు కాలేదు. పరిగి రోడ్డు ఎక్కకుండా కంప్యూటర్ తెర మీదే భారతాన్ని ఉత్తరానికి జరిపే మిత్రులు కనీసం ఈ చిక్కును తమ పటం అడుగున రాయాలి.

ఇలాంటి దంతాలు వెతికే పనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఎండిన మట్టిగడ్డను కిరోసిన్‌లో నానబెట్టి, నీళ్లలో వేస్తే విచ్చుకుంటుంది. సన్నజల్లెడ పట్టి, మిగిలిన రవ్వను మైక్రోస్కోపు కింద ఏరాలి. దొరికే దంతం ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. బస్తాలకొద్దీ మట్టి కడిగి ఒక్క పన్నూ దొరక్క ఇంటికి పోయిన రోజులే ఎక్కువ. ఓపిక కావాలి, దాంతోపాటు మట్టి మిగిలి ఉండాలి. లావా పొరల మధ్య మట్టి ఎక్కడా మందంగా ఉండదు, ఒక్క క్వారీ చాలు మింగేయడానికి. నిజమే, రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడిల్లో ఇలాంటి పొరలు బయటపడ్డదీ క్వారీల్లోనే. కానీ చందనవెల్లిలో పరిశ్రమలు వచ్చాక ఈ మండలంలో నేల ఎంత వేగంగా రూపు మారుతోందో వచ్చే దారిలో మీరే చూశారు.

నాస్కల్ పొరలను జాతీయ భూవిజ్ఞాన స్మారకాల జాబితాలో చేర్చాలని జియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియాను కోరే తీర్మానం ప్రతి ఈ బల్ల మీద ఉంది. నాతో వాదం ఉన్నవారు కూడా సంతకం పెట్టి భోజనాలకు కదలండి. వాదం మధ్యాహ్నం చూసుకుందాం.