వయస్సును మించిన వేషములు



చలనచిత్రములలో చప్పట్లు నాయకునివి. కథాభారము తరచు సహాయపాత్రలది. ఇందుకు గుమ్మడి వెంకటేశ్వరరావుగారు (1927–2010) తార్కాణము. తెనాలి ప్రాంతపు రావికంపాడులో జన్మించిన వీరు, 28 ఏండ్లయినను నిండకమునుపే, 1955లో ‘అర్ధాంగి’ చిత్రమున తమకంటె పెద్దవారైన అక్కినేని నాగేశ్వరరావుగారికి తండ్రిగా నటించిరి. 1957లో ‘మాయాబజార్’లో ముఖస్తుతికి లొంగి, చెల్లెలికిచ్చిన మాట తప్పిన బలరాముడు వీరే. 1962లో ‘మహామంత్రి తిమ్మరుసు’లో రాజ్యమునకు సర్వమును ధారపోసి, తుదకు రాజు అనుమానమునకే బలియైన అప్పాజీయు వీరే. ఆ రాయలుగా నటించిన నందమూరి తారక రామారావుగారు వీరికంటె నాలుగేండ్లు పెద్ద.

యౌవనమందే వార్ధక్యము ధరించి, ఎదుటివాని వెలుగునకు వత్తియగుట సామాన్యమైన త్యాగము కాదు. మన గ్రంథాలయము 25 ఏండ్లు నిలిచినదియు అట్టి సహాయపాత్రధారుల వలననే.